లీలారాణి రాడ్ ఎంచుకున్న ఏడాది

ఐర్లండ్‌లో ములింగార్ పట్టణానికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి డాక్టరు క్లినిక్‌లో లీలారాణి నర్సు. పదిహేనేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఆ చుట్టుపక్కల రైతులు, రిటైరైన టీచర్లు రక్తపరీక్షకు వస్తే ముందు అడిగే మాట, "లీలా ఉందా ఇవాళ?" అని. లేదని తెలిస్తే కొందరు వెనక్కి తిరిగి, ఆమె డ్యూటీలో ఉన్న రోజే వచ్చేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు సులోచన సిస్టర్ అని ఒకావిడ ఉండేది. ఆవిడ ఆడపిల్లల చేత కళ్ళు మూయించి, ఒకరి చేతి మీద ఒకరికి రక్తనాళం వెతికించేది. చర్మం కింద మెత్తగా, నొక్కితే తిరిగి పైకి లేచేది ఏదో వేలికొస పసిగట్టాలి. మూడేళ్ళలో లీలారాణికి ఆ విద్య పట్టుబడింది. తరవాత రియాద్‌లో నాలుగేళ్ళు, ఐర్లండ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో రెండేళ్ళు, ఆపైన ఈ క్లినిక్. ఎక్కడికి వెళ్ళినా, వేరేవాళ్ళు రెండుసార్లు గుచ్చి వదిలేసిన చెయ్యి చివరికి ఆమె ముందుకే వచ్చేది. కుడి చూపుడు వేలు మోచేతి మడతలో ఆనించి ఒక్క క్షణం ఆగేది. అంతే, దొరికేది.

చేపల పిచ్చి ఆమెకు నలభై ఎనిమిదో ఏట పట్టుకుంది. కోవిడ్ రోజుల్లో మనిషి బాగా అలిసిపోయింది. క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేసి రిటైరైన బెర్నీ ఒక ఆదివారం ఇంటికొచ్చి, "ఒక పూట నాతో వచ్చి నీళ్ళల్లో నిలబడు. మాట్లాడక్కర్లేదు," అంది. ఛాతీ దాకా వచ్చే రబ్బరు పంట్లాం తొడిగించి బ్రోస్నా నదిలోకి దింపింది. గాలం వేయడానికి చేతికి తన పాత రాడ్ ఇచ్చింది.

బెర్నీ నేర్పింది నింఫ్ ఫిషింగ్. నింఫ్ అంటే నీటి అడుగున రాళ్ళను అంటుకుని బతికే చిన్న పురుగు. ట్రౌట్ చేపలకు అది అన్నం లాంటిది. దాని పోలికతో, బరువు కోసం చిన్న పూస చేర్చి కట్టిన గాలాన్ని ప్రవాహంలో అడుగుకు దించి, రాళ్ళ మీద దొర్లుతూ పోనివ్వాలి. చేప దాన్ని నోట్లోకి తీసుకుని, మోసం తెలిసి ఉమ్మేయడానికి ఒక్క రెప్పపాటు పడుతుంది. ఆ రెప్పపాటులో దారం మీదుగా, రాడ్ మీదుగా, పట్టుకున్న వేలికి 'టక్' మని ఒక కబురు వస్తుంది. అది అందుకుని చెయ్యెత్తాలి. మొదటి రోజే లీలారాణి మూడు చేపలు పట్టింది. బెర్నీ నోరు తెరిచి చూసింది. లీలారాణికి మాత్రం వింతగా అనిపించలేదు. కనపడని దాన్ని వేలు చెప్పడం తనకు కొత్త కాదు కదా.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ఐదో ఏడు సీజన్ చివరికి చేపలు పడడం తగ్గింది. ఒడ్డున బెర్నీ, "అదిగో కొట్టింది, ఎత్తు!" అని అరిచేది. లీలారాణి ఎత్తేసరికి గాలం ఖాళీ. "ఈ రాడ్‌కి వయసైపోయింది బెర్నీ," అనేది. 

మరుసటి మార్చిలో చేపలు పట్టే సీజన్ మొదలైన వారానికే, కారు తలుపు వేస్తూ ఆ రాడ్ కొసను నలిపేసింది. చిటుక్కున విరిగింది. బెర్నీ నవ్వేసి, "ముప్పై ఏళ్ళ రాడ్. దాని పని అది చేసింది. నీ చేతికి తగినది నువ్వే కొనుక్కో," అంది.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే రాడ్ గోల. పది అడుగులదా, పదకొండా? దారం బరువుకు తగ్గట్టు రెండో నంబరా, మూడో నంబరా? కొస ఎంత మెత్తగా ఉండాలి? ఫోన్‌లో వీడియోలు చూసి కాగితం మీద రాసుకునేది. ఆమె భర్త ప్రసన్న కుమార్ బస్సు నడుపుతాడు. ఆయనకు చేపంటే పులుసే తెలుసు.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూళ్ళేదు గదే నువ్వు," అన్నాడు.

"మిమ్మల్ని మార్చుకోడానికి లేదు గదండీ. అందుకని చూడలా," అంది.

ఒక శనివారం ఇద్దరూ అథ్‌లోన్ వైపు వెళ్ళారు. పెద్ద షాపు కాదు. ఓవెన్ అనే ఆయన తన ఇంటి వెనక రేకుల షెడ్డులో రాడ్‌లు అమ్ముతాడు. అరవై దాటిన మనిషి, తక్కువ మాటలవాడు. ఆమె కాగితం చూసి తల ఊపి, మూడు రాడ్‌లు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాగితంలో నంబర్లు బాగానే ఉన్నాయి. కానీ రాడ్‌ని చెయ్యి ఎంచుకోవాలి. రండి బయటికి," అన్నాడు.

పెరట్లో మొదటి రాడ్‌కు రీలు బిగించి, దారం సాగదీసుకుంటూ ముప్పై అడుగుల దూరం వెళ్ళి నిలబడ్డాడు. "అటు తిరగండి లీలా. నేను చేపని. దారాన్ని చిన్నగా గిల్లుతాను. తెలిసినప్పుడల్లా చెప్పండి."

ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. కొంతసేపు గడిచింది.

"మొదలుపెట్టండి మరి," అంది.

ఓవెన్ ఒక్క క్షణం ఆగి, "ఇదిగో మొదలుపెడుతున్నా," అన్నాడు. అప్పటికే నాలుగుసార్లు గిల్లాడు. ప్రసన్న కుమార్ చూస్తూనే ఉన్నాడు.

ఆ రాడ్ మొద్దుగా ఉందంది లీలారాణి. రెండోది తెచ్చాడు. అది ఇంకా పలచన, ఇంకా మెత్తన. ఒకసారి మాత్రం, "ఆఁ, ఇప్పుడు," అంది. అప్పుడు ఓవెన్ దారం ముట్టుకోనేలేదు. మూడోది ఆయన దగ్గరున్న వాటిల్లో మేలైనది. దాంతోనూ అంతే.

"వీటిల్లో ప్రాణం లేదండీ. కొయ్యముక్కలు పట్టుకున్నట్టుంది," అని తెలుగులో విసుక్కుంటూ రాడ్ భర్త చేతికిచ్చింది.

ప్రసన్న కుమార్ వద్దనబోయి పట్టుకున్నాడు. జన్మలో గాలం ముట్టని మనిషి. ఓవెన్ అలవాటుగా దారం గిల్లాడు.

"అరె, లాగాడు," అన్నాడు ప్రసన్న కుమార్. "ఇదిగో మళ్ళీ. ఇదిగో, ఇప్పుడు చిన్నగా." చిన్నపిల్లాడిలా నవ్వుతూ పక్కకు తిరిగాడు. లీలారాణి ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

ఓవెన్ దారం చుట్టేసి, రాడ్‌లు విప్పి సంచుల్లో పెట్టాడు. "తొందరేం లేదు. ఎప్పుడైనా రండి," అన్నాడు. ఆమె చేతుల వైపు చూడకుండా ఉండడానికి ఆయన పడిన కష్టం ప్రసన్న కుమార్‌కు కనిపించింది.

 ఇంటికొచ్చాక ఆమె పొయ్యి ముందు నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన అడిగాడు.

"ఎన్నాళ్ళ నించి?"

"ఏది ఎన్నాళ్ళ నించి?"

"చెయ్యి."

"చలండీ. ఈ దేశంలో ఎవరి వేళ్ళు చల్లబడవు?"

వాళ్ళమ్మాయి ఫెబికి పదిహేడేళ్ళు. బల్ల దగ్గర చదువుకుంటూ తలెత్తింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "డాడ్, షీ హాజ్ అ స్ప్లింట్. ఇట్స్ ఇన్ ద హాట్ ప్రెస్, అండర్ ద టవల్స్," అంది.

తువ్వాళ్ళు పెట్టే అలమరలో, అన్నిటికన్నా కింద, మణికట్టుకు కట్టుకునే నల్లటి పట్టీ దొరికింది. కొత్తది కాదు. అంచులు అరిగిపోయి ఉంది. భర్త బస్సు డ్యూటీలో ఉన్న రాత్రుల్లో కట్టుకుని పడుకునేదట. అమ్మ చొక్కా గుండీలు, మెళ్ళో గొలుసు కొక్కెం తనే పెట్టేదాన్నని ఫెబి చెప్పింది. అది సెప్టెంబరు నుంచి.

లీలారాణికి తెలియని జబ్బు కాదు. మణికట్టు దగ్గర ఇరుకు దారిలో నాడి నలిగి, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారడం. అలాంటివాళ్ళను రోజుకు ఇద్దరినైనా చూస్తుంది. ఆలస్యం చేస్తే స్పర్శ తిరిగి రాకపోవచ్చని వాళ్ళకు తనే చెబుతుంది.

"నర్సువి. నీకు తెలీదా?" అన్నాడు ఆయన, గొంతు లేచింది.

"తెలుసు గనకే చెప్పలేదు." ఆమె కత్తి పక్కన పెట్టింది. "రక్తం తియ్యలేని నర్సుని ఏం చేసుకుంటారండీ అక్కడ? లీలా ఉందా అని అడిగేది దేనికి? నా మొహం చూడ్డానికా?"

 గత ఆరు నెలల్లో ఆమె చేతిలోంచి జారి పగిలిన కప్పులు ఆయనా లెక్కపెట్టుకోకుండా వదిలేసినవాడే. ఒకసారి, "చూసుకుని పట్టుకోవచ్చుగా," అని కసిరాడు కూడా.

సోమవారం క్లినిక్‌కు టామీ లీవీ వచ్చాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ రైతు. రక్తం పలచబడే మందు వేసుకుంటాడు కాబట్టి తరచూ పరీక్ష చేయించుకోవాలి. పదేళ్ళుగా ఆమె తప్ప ఇంకొకరు ఆయన చెయ్యి ముట్టుకోలేదు. లీలారాణి ఆయన చేతికి రబ్బరు పట్టీ బిగించి, వేలు ఆనించి ఆగింది. వేలి కింద ఏమీ లేదు. దుప్పటి మీంచి తడుముతున్నట్టుంది. గుర్తున్న చోటును బట్టి గుచ్చింది. రాలేదు. రెండోసారి గుచ్చింది. మూడోసారి గుచ్చేసరికి సూది నాళం అవతలికి దిగి చర్మం కింద నల్లగా ఉబ్బింది.

"ఏమిటి లీలా, ఇవాళ నన్ను జల్లెడ చేస్తున్నావ్?" అన్నాడు టామీ నవ్వుతూనే.

"మీ వెయిన్లు ఎండిపోయి ఉన్నాయి టామీ. నీళ్ళు సరిగ్గా తాగట్లేదు మీరు," అంది.

ఆ మాట తన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆమె తరవాత చాలాసార్లు తలుచుకుంది. టామీ తప్పు చేసినవాడిలా తల ఊపి, ఎల్లుండి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్నే వచ్చాడు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా ఊదారంగు మచ్చ. కూర్చుంటూనే క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాడు. "నిజమే లీలా, నేను నీళ్ళు తాగను. నా భార్య ఉన్నప్పుడు పోరేది. ఈ రెండు రోజులూ గంటకో గ్లాసు తాగాను. రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చింది. ఇవాళ నీకు కష్టం ఉండదు చూడు." ఆ నల్లబడిన చెయ్యే బల్ల మీద చాపాడు.

లీలారాణి రబ్బరు పట్టీ చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది. "ఒక్క నిమిషం కూర్చోండి," అని చెప్పి డాక్టర్ నువాలా గది తలుపు తట్టింది.

లోపల నిలబడే చెప్పింది. వేళ్ళకు స్పర్శ లేదని, సెప్టెంబరు నుంచి అని, టామీ చేతికి అలా అయ్యింది తన వల్లనే అని, తప్పు ఆయన మీద తోశానని.

డాక్టర్ నువాలా కసురుకోలేదు, ఓదార్చనూ లేదు. "ఏడు నెలలు," అంది. కొంచెం ఆగి, "ఈ పక్క గదిలోనే ఉన్నాను లీలా, ఏడు నెలలూ," అంది. ఆ రోజే రక్తం తీసే పని ఆమె నుంచి తప్పించింది. ఆ నెలల్లో వచ్చినవాళ్ళ కాగితాలన్నీ ఇద్దరూ కూర్చుని తిరగేశారు. మచ్చలు, వాపులు తప్ప ఎవరికీ పెద్ద ప్రమాదం జరగలేదు. కానీ రెండుమూడుసార్లు గుచ్చించుకున్నవాళ్ళు పంతొమ్మిది మంది. వాళ్ళలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. లీలా మీద నమ్మకంతో తమ చేతులదే తప్పనుకున్నారు. టామీ కాక మిగతావాళ్ళందరికీ ఆమే ఫోన్ చేసి చెప్పింది. కొందరు 'యూ ఆర్ గ్రాండ్, ఏం ఫర్వాలేదు' అని తేలిగ్గా వదిలేశారు. ఒకావిడ ఫోన్ పెట్టేసింది.

టామీకి మాత్రం ఆ పూటే ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయన కిటికీలోంచి కారు పార్కింగ్ వైపు చూశాడు. "చెప్పి ఉంటే సరిపోయేది గదమ్మా. నేనేమన్నా అనేవాడినా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఆ తరవాత ఆయన వచ్చినప్పుడల్లా కొత్త నర్సు దగ్గర కూర్చున్నాడు. లీలారాణి ఎదురైతే పలకరించి, వర్షం గురించి ఒక మాట చెప్పి వెళ్ళేవాడు.

నాడి పరీక్షకు జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. బాగా ముదిరిందని తేలింది. జులైలో కుడి మణికట్టుకు ఆపరేషన్ చేశారు. "నొప్పి పోతుంది. స్పర్శ సంగతి చెప్పలేను. ఇంకా ముందు వచ్చి ఉంటే..." అని సర్జన్ మధ్యలో ఆపాడు. ఆ వాక్యం మిగతా సగం ఆమె వందమందికి చెప్పినదే.

నొప్పి పోయింది. బొటనవేలికి కొంత స్పర్శ వచ్చింది. చూపుడు వేలు మాత్రం అలాగే ఉంది. క్లినిక్‌లో ఆమెకు టీకాలు, షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళు చూడడం, ఫోన్ మీద సలహాలు అప్పగించారు. ఉద్యోగం ఊడలేదు. కానీ బయట కూర్చున్నవాళ్ళు, "లీలా ఉందా?" అని అడగడం తగ్గిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేది. బెర్నీ ఫోన్ చేస్తే తియ్యలేదు.

ఆగస్టు చివర్లో ప్రసన్న కుమార్ కారు తాళాలు తీసి, "పద, అథ్‌లోన్ వెళ్దాం," అన్నాడు.

"దేనికి? ఏం తెలుస్తుందని నాకు?"

"తెలీదనే చెప్పు ఆయనకి. తెలీని చేతికి కూడా ఏదో ఒకటి ఉంటుందిగా."

ఈసారి ఆమె ఓవెన్ ముందు కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, అరచేతిలోని ఎర్రటి గీతను చూపించింది. "ఈ మూడు వేళ్ళకు సరిగ్గా తెలియదు. నింఫ్ ఫిషింగ్ తప్ప నాకు వేరేది రాదు. ఏం చేయమంటారు?"

"ఆ రోజు మీరు వెళ్ళాక నాకు మనసు మనసులో లేదు," అన్నాడు ఓవెన్. "చెప్పాలా వద్దా అని."

"చెప్పినా వినేదాన్ని కాదు లెండి."

ఆయన ఒక దారపు చుట్ట తెచ్చాడు. అందులో మూరెడు మేర నారింజ, పసుపు రంగులు. గాలానికి పైన ఆ రంగు ముక్క కడతారు. నీటికి జానెడు ఎత్తున దాన్ని పట్టి ఉంచాలి. చేప నింఫ్‌ను అందుకున్నప్పుడు ఆ రంగు ఆగుతుంది, లేదా వణుకుతుంది. వేలికి రావాల్సిన కబురు కంటికి వస్తుంది. చాలామంది వేలూ కన్నూ రెండూ వాడతారు, ఆమె కన్ను ఒక్కటే వాడాలి.

"అయితే రాడ్ పొడుగ్గా ఉండాలి, దారం నీళ్ళకు తగలకుండా. తేలిగ్గా ఉండాలి, రోజంతా ఎత్తి పట్టుకోవాలి కాబట్టి," అని ఓవెన్ తన దగ్గరున్న అన్నిటికన్నా తేలికైన రాడ్ ఇచ్చాడు. ఈకలా ఉంది.

లీలారాణి దాన్ని పది నిమిషాలు ఎత్తి పట్టుకుంది. ఆ తరవాత చెయ్యి విప్పి చూసుకుంది. అరచేతిలో పిడి అచ్చు ఎర్రగా దిగి ఉంది.

"ఇది వద్దు," అంది. "ఇది చేతిలో ఉందో లేదో నాకు తెలియట్లేదు. జారుతుందేమోనని బిగించేస్తున్నాను. ఇంకాసేపైతే మణికట్టు పట్టేస్తుంది. కొంచెం బరువుది ఇవ్వండి. పిడి లావుగా ఉండేది."

ఓవెన్ ఆశ్చర్యంగా చూశాడు. నింఫ్ రాడ్ బరువుగా కావాలని ఆయనను ఇంతవరకు ఎవరూ అడగలేదు. వెనక్కి వెళ్ళి ఒక పది అడుగుల రాడ్ తెచ్చాడు. మూడేళ్ళుగా అమ్ముడుపోనిది. లావుపాటి బెండు పిడి. దానికి బరువైన రీలు బిగించాక కొస బరువు తగ్గి, రాడ్ మొత్తం అరచేతి మీద తక్కెడలా నిలబడింది. లీలారాణి వేళ్ళు వదులు చేసింది. బరువు అరచేతికి తెలుస్తోంది, వేళ్ళతో పని లేకుండానే. మళ్ళీ పది నిమిషాలు పట్టుకుంది. చెయ్యి విప్పి చూసుకుంది. అచ్చు పడలేదు.

"కొస మొరటుగా ఉంటుంది," అన్నాడు ఓవెన్.

"ఉండనివ్వండి. కొస చెప్పేది నాకెలాగూ వినపడదు," అంది.  ప్రసన్న కుమార్ ముందుకొచ్చి రాడ్ అందుకున్నాడు.

సెప్టెంబరు నెలాఖరుతో సీజన్ ముగిసేలోగా ఆమె ఆరుసార్లు నదికి వెళ్ళింది. బెర్నీ తోడు వచ్చింది. మొదటి మూడు సార్లూ ఒక్క చేప పడలేదు. ఆ రంగు ముక్కను రెప్ప వేయకుండా చూసి చూసి తలనొప్పి వచ్చేది. ప్రవాహం తళుక్కుమంటే చేప అనుకుని ఎత్తేది. చేప వస్తే ఎండ మెరుపనుకునేది. ఒకసారి నడినీళ్ళలో నిలబడి ఏడ్చింది. బెర్నీ చూడనట్టు అవతలి ఒడ్డు వైపు నడిచింది.

నాలుగోసారి, వంతెన దిగువన, ఆ నారింజ రంగు ప్రవాహంతో పాటు జారుతూ జారుతూ ఒక్కసారి ఆగింది. ఆలోచించకుండా ఎత్తింది. రాడ్ వంగింది. ఆ బరువు అరచేతికి, మోచేతికి, భుజానికి తెలిసింది. ముప్పావు కిలో ట్రౌట్. నీళ్ళలోనే గాలం విప్పి వదిలేసింది. ఆ ఏడాది మొత్తానికి మూడు చేపలు. ఒకప్పుడు ఒక్క పూటకు పట్టినన్ని.

నవంబరులో ఒక ఉదయం టీ కప్పు పట్టుకున్నప్పుడు ఎడమచేతి బొటనవేలు జివ్వుమంది. లీలారాణి కప్పు బల్ల మీద పెట్టి, వేళ్ళు విదిలించి చూసుకుంది. ఈ జబ్బు రెండు చేతులకూ రావడం మామూలేనని ఆమెకు తెలుసు.

"ఏమండీ," అని పిలిచింది. ప్రసన్న కుమార్ బూట్లు వేసుకుంటూ తలెత్తాడు. "ఎడమది కూడా మొదలైనట్టుంది."

ఆయన బూటు లేసు వదిలేశాడు. "క్లినిక్‌కి ఫోన్ చెయ్యనా?"

"నేనే చెబుతాను. తొమ్మిదింటికి డాక్టరు గారు వస్తారు," అంది. ఫెబి లేచి వచ్చి, అడక్కుండానే అమ్మ కోటు గుండీలు పెట్టింది. బయట సన్నగా వాన పడుతోంది. కారు అద్దాలు తుడుచుకుని లీలారాణి పనికి బయలుదేరింది.